వేసవి షెడ్యూలులో లేని విమానం

మార్చి 17, 2017. శుక్రవారం. రాజాం.

పోర్ట్ బ్లెయిర్ విమానం ఎత్తేశారు. పొద్దున పదకొండింటికి మెయిలొచ్చింది. ఈ నెల 26 నుంచి వేసవి షెడ్యూలట. విశాఖపట్నం నుంచి ఆ చౌక కంపెనీ నడిపే ఆరు విమానాల్లో మూడే మిగులుతాయి. సెలవుల్లో హైదరాబాదు, బెంగళూరు వెళ్లే జనం ఎక్కువ కాబట్టి మా విమానాన్ని అటు తోలేశారు. మళ్లీ అక్టోబరు ఆఖరుకి గానీ రాదు.

మా షాపులో అమ్మే టికెట్లలో సగం పోర్ట్ బ్లెయిర్‌వే. ఈ చుట్టుపక్కల పల్లెల్లో అండమాన్‌లో మనిషి లేని ఇల్లు వెతకాలి. తాపీ పనికో, వడ్రంగానికో, చేపల వేటకో తాతల నాడే పోయి అక్కడ పాతుకుపోయారు. గోవింద్ గారు మెయిలు సంగతి విని తల పట్టుకున్నారు. ఆయన షాపు, ఆయన తల. నా గొడవ వేరే. ఎగిరిపోయిన వాటిలో పద్నాలుగు టికెట్లు నా పెళ్లివారివి. ఏప్రిల్ 17న పెళ్లికొడుకు థామస్, వాళ్లమ్మ, మేనమామలు, పిల్లలు దిగాలి. 19 బుధవారం పెళ్లి. ఆ పద్నాలుగూ జనవరిలో ఈ కుర్చీలో కూర్చుని నేనే కొట్టాను. తిరుగు ప్రయాణానికి పదిహేను. పదిహేనోది నాది. వాళ్లవి రానూపోనూ, నాది ఒక వైపే. ఆరేళ్లుగా వందల మందిని విమానం ఎక్కించాను గానీ నేనెక్కడం అదే మొదలు.

ఇలా అవుతుందని నాకు ముందు తెలీదు.

మార్చి 18, శనివారం.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. రేపు ఆదివారం, ఆరాధన పూట ఎందుకని.

మార్చి 19, ఆదివారం.

వచ్చే వారం నుంచి మా పెళ్లి ప్రకటనలు మొదలు. మా సంఘంలో పెళ్లంటే మూడు ఆదివారాలు వరసగా చర్చిలో చదవాల్సిందే. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. చదివేది సంఘం సెక్రటరీ. సెక్రటరీ మా నాన్న. ముప్పై రెండేళ్లు బడిలో హాజరు పిలిచి రిటైరైన మాస్టారు, ఆ గొంతుని ఇప్పుడు పెళ్లిళ్లకి వాడుతున్నాడు.

నాది ఇదివరకే ఒకసారి చదివాడు. నాలుగేళ్ల కిందట, పాతపట్నం సంబంధం. రెండు ఆదివారాలు చదివాక అబ్బాయికి ఇష్టం లేదని వాళ్లు కబురంపారు. మూడోది చదవలేదు. ఆ తరవాత రెండు నెలలు నాన్న చర్చిలో ఆఖరి బెంచీలో కూర్చుని, ముగింపు ప్రార్థన అవుతుండగానే చెప్పులు వేసుకుని వచ్చేసేవాడు. ఇప్పుడు నాకు ముప్పై ఒకటి. "ఈసారి గానీ ఆగిపోతే" అని అమ్మ మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తుంది. నేనూ ఆ మాట పూర్తి చెయ్యను.

మార్చి 20, సోమవారం.

చెప్పాను. అమ్మ పప్పు దించుతూ గరిటె వదిలేసింది. విమానం రద్దవడమేమిటి, వానా గాలీ ఏం లేవు కదా అని నాన్న అడిగాడు. సీట్లు నిండకపోతే వేసవిలో తగ్గిస్తారని చెప్పాను. ప్రతి ఏడూ తగ్గిస్తారా అన్నాడు. ఊరికే అడిగాడు, ఇంకేం మనసులో పెట్టుకుని కాదు. నేను మంచినీళ్లకి లేచాను.

ఒంటిగంటకి థామస్ ఫోను. రోజూ ఒంటిగంటకే. పోర్ట్ బ్లెయిర్‌లో సర్కారు ఆఫీసులో గుమస్తా, భోజనాల వేళకి చేస్తాడు. ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు, ఇదీ మొదలు. షాపులో ఉన్నానంటే గోవింద్ గారికి ఇవ్వమంటాడు. ఇచ్చాను. ఆవిడ ఇక్కడే ఉన్నారండి అని ఆయన సాక్ష్యం చెప్పి, ఫోను నా చేతిలో పెట్టి, కంప్యూటరు వైపు తిరిగి కూర్చున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు సిగ్గేసింది. ఇంటికొచ్చి చెబితే అమ్మ ఎంత శ్రద్ధో అంది.

విమానం సంగతి విని థామస్ మండిపడ్డాడు. టికెట్లు అమ్మేదానివి, ఈ మాత్రం తెలీదా అన్నాడు. తెలీదన్నాను.

మార్చి 22, బుధవారం.

చెన్నై మీదుగా చూశాను. ఒకే రోజు పద్నాలుగు సీట్లు లేవు. ఉన్నా రెండు విమానాలు మారడం వాళ్లమ్మ మోకాళ్లకి కుదరదు. కలకత్తా మీదుగా అయితే ఒక రోజంతా అక్కడ పడి ఉండాలి, పిల్లలతో కష్టం. చాలా శ్రద్ధగా వెతికాను. ఏదీ కుదరలేదు. ఆఖరికి థామస్ అక్టోబరులో విమానం మళ్లీ వేశాక చూద్దాం అన్నాడు.

చాలా బాధగా ఉంది. అన్నం రెండోసారి పెట్టించుకున్నాను. పడుకుంటే తెల్లారాకే మెలకువ వచ్చింది.

మార్చి 24, శుక్రవారం.

గున్నమ్మ వచ్చింది. కళింగపట్నం వైపు నుంచి ఎండుచేపలు తెచ్చి ఇక్కడ వీధులు తిరిగి అమ్ముతుంది. ఆమె భర్త అసిరయ్య అండమాన్‌లో వేట పడవ మీద పని చేస్తాడు. ఏప్రిల్లో వెళ్దామని మా దగ్గర టికెట్ తీసుకుంది. విమానం లేదని, అక్టోబరు దాకా ఆగాలని చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. గంప దించుకుని నా వైపు జాలిగా చూసింది.

"ఇమానం నేకపోతే ఓడ నేదేటమ్మా? మా అత్త పదిపాలి ఓడ మీదే ఎల్లొచ్చింది. మూడ్రోజులు కక్కుకుంటా పడుంటే ఆల్లే దింపుతారు."

సముద్రం ఒడ్డు జిల్లాలో పుట్టి ఓడ సంగతి మరిచిపోయాను. నెలకి ఒకటో రెండో తిరుగుతాయి. మా షాపులో ఓడ టికెట్లు అమ్మం కాబట్టి, ఆరేళ్లుగా నా బుర్రలో పోర్ట్ బ్లెయిర్‌కి దారంటే ఆకాశమే. గున్నమ్మకి విశాఖలో ఓడల ఆఫీసు ఎక్కడుందో కనుక్కుని కాగితం మీద రాసిచ్చాను. ఈ సంగతి ఇంకెక్కడా అనకు అనబోయి ఆగాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి.

మార్చి 25, శనివారం.

గున్నమ్మ మా వీధికీ వస్తుంది. ఆ సంగతి నాకు తెలిసి ఉండాల్సింది.

అమ్మ నాన్నకి చెప్పింది, నాన్న థామస్‌కి ఫోను చేశాడు, థామస్ సాయంత్రానికల్లా కనుక్కున్నాడు. ఏప్రిల్ 13 గురువారం అక్కడ ఓడ బయల్దేరుతుంది. 16కి విశాఖ. సరిగ్గా ఈస్టరు రోజుకి దిగుతారు, పద్నాలుగు మందీ. అదే ఓడ 22న తిరిగి వెళుతుంది. దానిలో నేనూ. దేవుని కార్యం అని అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను తలనొప్పి అని చెప్పి పడుకున్నాను. తలనొప్పి నిజంగానే వచ్చింది.

మార్చి 26, ఆదివారం.

మొదటి ప్రకటన. వేసవి షెడ్యూలు కూడా ఇవాళ్టి నుంచే.

నా పేరు చదివేటప్పుడు నాన్న గొంతు సవరించుకున్నాడు. అభ్యంతరం ఉన్నవాళ్లు తెలియజేయవలెను అని ఆగాడు. ఎవరూ లేవలేదు. ఎప్పుడూ ఎవరూ లేవరు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు, నేనూ నవ్వాను.

మార్చి 28, మంగళవారం.

అక్కడ ట్రావెల్ షాపులు చాలా ఉంటాయి కదా, నాకు పని దొరుకుతుంది కదా అని థామస్‌ని అడిగాను. నవ్వాడు. "అమ్మని సూసుకో, సాలు. నువ్వు గుమ్మం దాటాల్సిన పనేటుంటాది?" అన్నాడు. ఇక్కడి సిమ్ము తెచ్చుకోవద్దన్నాడు. అక్కడ తన పేరు మీద ఒకటి తీస్తాడట, అవసరమైనప్పుడు ఇస్తాడట.

వాళ్ల ఇంటి ఫొటో పంపాడు. అండమాన్‌లో నెట్ నత్తనడక. నా ఫోనులోకి ఆ ఇల్లు పైనుంచి కిందకి కొంచెం కొంచెంగా వచ్చింది. ముందు రేకులు, తరవాత గోడ, ఆఖరున నిలువునా గ్రిల్లు బిగించిన వరండా. బాగుంది. ఇల్లు బాగుంది. ఇల్లు నిజంగానే బాగుంది.

మార్చి 30, గురువారం.

థామస్ మంచివాడు. తాగడు.

ఏప్రిల్ 2, ఆదివారం.

రెండో ప్రకటన. పాతపట్నం సంబంధం ఇక్కడిదాకానే వచ్చింది. చర్చి బయట నలుగురు ఆడవాళ్లు అమ్మ చేతులు పట్టుకుని ఈసారి గట్టెక్కింది అన్నారు. అమ్మ మొహం నాలుగేళ్ల తరవాత తేటగా కనిపించింది. ఆ మొహం చూడలేక చెప్పులు వెతుక్కున్నాను.

ఈ గురువారం కాక వచ్చే గురువారం ఓడ. ఒకసారి ఎక్కారంటే మూడు రోజులు సముద్రం మీద ఫోను పలకదు. దిగేసరికి ఇంటి ముందు పందిరి వేసి ఉంటుంది. అంటే ఎవరైనా ఏదైనా చెప్పదలుచుకుంటే 13 లోపల చెప్పాలి.

చెప్పడానికేముంది. ఏమీ లేదు.

ఏప్రిల్ 3, సోమవారం.

బ్యాంకు పని మీద వెళుతూ ఫోను షాపులో మరిచిపోయాను. తిరిగొచ్చేసరికి ఒంటిగంటా ఇరవై. పదిహేడు మిస్డ్ కాల్స్. తరవాత గోవింద్ గారికి చేశాడట. ఆయన బ్యాంకుకి వెళ్లిందని చెబితే ఏ బ్యాంకు, ఎవరితో అని అడిగాడట. ఆ తరవాత మా నాన్నకి. మీ అమ్మాయి ఒంటిగంటకి ఎక్కడ తిరుగుతోందో మీకైనా తెలుసా అని.

నాన్న ఆ ఎండలో సైకిలు తొక్కుకుంటూ షాపుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి, కుర్చీలో ఉన్న నన్ను చూశాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఏమీ అనలేదు. తిరిగి సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 4, మంగళవారం.

ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

మొదటి మెయిలు జనవరి 18నే వచ్చింది. వేసవిలో ఏయే రూట్లు ఎత్తేయబోతున్నారో ఏజెంట్లకి ముందుగా చెప్పేది. పోర్ట్ బ్లెయిర్ మూడో వరసలో ఉంది. చదివాను. గోవింద్ గారు ఇంగ్లీషు మెయిళ్లు ముట్టుకోరు, అవి నా పని. చదివి ఊరుకున్నాను.

ఆ నెల 22న థామస్ తరపు పెద్దలు ఇద్దరు మాట్లాడుకోవడానికి వచ్చారు. ఫిబ్రవరి 15 అన్నారు. మార్చి ఒకటి నుంచి శ్రమల దినాలు, అవి మొదలైతే ఈస్టరు దాకా మా వాళ్లు పెళ్లిళ్లు చెయ్యరు. ఫిబ్రవరిలో విమానం రోజూ ఉంది. అందరూ నా వైపు చూశారు, టికెట్లు చూడాల్సింది నేనే కదా. ఫిబ్రవరిలో సీట్లు లేవు అన్నాను. ఉన్నాయి. ఈస్టరు అయ్యాక పెట్టుకుంటే నెమ్మదిగా చేసుకోవచ్చు అన్నాను. ఏప్రిల్ 17న విమానం ఉండదని ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. కంపెనీవాళ్లు మాత్రం అమ్ముతూనే ఉన్నారు. పద్నాలుగూ కొట్టాను.

నేను నోరు తెరిచి చెప్పలేని మాట ఒక విమానాల కంపెనీ నా తరపున చెప్పి పెడుతుందనుకున్నాను. పాపం, చెప్పింది కూడా. ఎవరూ వినలేదు, ఓడెక్కుతున్నారు.

జనవరి మొదట్లో థామస్ నన్ను చూడ్డానికి వచ్చిన రోజు, బల్ల మీదున్న నా ఫోను తీసుకున్నాడు. అడగలేదు. తీసుకుని, ఒక్కొక్కటీ కిందకి జరుపుతూ చదివి, మళ్లీ బల్ల మీద పెట్టాడు. అందరూ టీ తాగుతున్నారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. నేను కప్పులు తీసి వంటింట్లోకి వెళ్లాను.

నాకు ఈ పెళ్లి ఇష్టం లేదు.

రాశాను. పైకి అనలేదు. అనడానికి ఎవరూ లేరు కూడా.

ఏప్రిల్ 6, గురువారం.

అమ్మ కొత్త చీరకి ఫాల్ కుడుతోంది. పక్కన కూర్చున్నాను. నాకు భయంగా ఉందన్నాను. దారం పళ్లతో తెంపి, సూది బుట్టలో గుచ్చి, అప్పుడు నా వైపు చూసింది.

"నాకూ భయమే ఏసింది. ముప్పయ్యారేళ్లయినాది. అలవాటైపోనాది."

భయం పోయిందని మాత్రం అనలేదు. మళ్లీ సూది అందుకుంది. ఆ చీర నాకు బాగుంటుంది. మామిడిపండు రంగు.

వచ్చే గురువారం ఓడ.

ఏప్రిల్ 8, శనివారం.

గున్నమ్మ ఓడ టికెట్ సాధించింది. నాకు చూపించడానికి పనిగట్టుకుని షాపుకొచ్చింది. 22న ఓడ, మేము వెళ్లేదే. కాగితం నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ సంచిలో దాచుకుంది.

"నీకు తోడుంటాన్లేమ్మా, బెంగెట్టుకోకు. నా మనిషి కాడికెల్తన్నాను. మూడ్రోజులు కక్కుకున్నా నాకు సంబరమే. నీకూ అంతే గదేటి?"

అవునని అనాలి. ఊరికే తల ఊపినా సరిపోయేది. ఊపలేకపోయాను. గున్నమ్మ కాసేపు నన్ను చూసి, గంప ఎత్తుకుని, ఇంకేమీ అడక్కుండా వెళ్లిపోయింది. తరవాత రెండు టికెట్లు తప్పుగా కొట్టాను. గోవింద్ గారు ఏమీ అనకుండా సరిచేశారు.

అందరూ నన్ను ఏమీ అనకుండా ఉండడం మొదలుపెట్టారు.

ఏప్రిల్ 9, ఆదివారం. మధ్యాహ్నం.

ఇవాళ మట్టల ఆదివారం. పిల్లలు ఈత మట్టలు ఊపుకుంటూ వీధంతా తిరిగి చర్చిలోకి వచ్చారు. చాపల నిండా ఆకు రాలింది. పాటలయ్యాయి, కానుకలయ్యాయి. నాన్న రిజిస్టరు పట్టుకుని లేచాడు.

పోర్ట్ బ్లెయిర్ కాపురస్తుడైన ఫలానా వారి కుమారుడు థామస్‌కు, మన సంఘస్తుడు కృపానిధి కుమార్తె అరుణశ్రీకి, అని చదివాడు. ఎవరికైనను న్యాయమైన అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడు తెలియజేయవలెను, ఇది మూడవ ప్రకటన అని చదివాడు. చదివి ఆగాడు.

లేద్దామని నేను అనుకోలేదు. రాత్రంతా ఆలోచించి నిర్ణయించుకున్నది కాదు. కూర్చోవడం ఇక నా వల్ల కాలేదు, అంతే. లేచి, నాకు ఉంది అన్నాను. చిన్నగా వచ్చింది మాట. అయినా వినపడింది.

నాన్న రిజిస్టరు మీంచి తలెత్తలేదు. కలం మూత తీశాడు.

"పేరు?"

"అరుణశ్రీ."

రాశాడు.

"తండ్రి పేరు?"

"కృపానిధి."

కలం ఆగింది. అప్పుడు తలెత్తాడు. నా గొంతు గుర్తుపట్టక అడిగాడో, పట్టే అడిగాడో నాకు తెలీదు. అడిగే ధైర్యం ఇంకా రాలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న మళ్లీ తల వంచి తన పేరు కూడా రాసి, కూర్చోండి అన్నాడు. నన్ను మీరు అన్నాడు. కూర్చున్నాను. పాస్టరు గారు లేచి ఏదో పాట నంబరు చెప్పారు. అందరూ తప్పు పేజీలు తిప్పారు.

ఇంటికొచ్చాక నేనే థామస్‌కి ఫోను చేశాను. ఓడెక్కకండి, నాకీ పెళ్లి ఇష్టం లేదు అన్నాను. చాలాసేపు అరిచాడు. ఎవడు వాడు అన్నాడు. ఎవడూ లేడు. నమ్మలేదు. వాళ్లమ్మ ఏడుపు వెనక వినిపించింది. ఆవిడని తలుచుకుంటే బాధేసింది, ఆవిడ నాకేమీ చెయ్యలేదు. ఫోను పెట్టేశాక భయం వేసింది, బాగా వేసింది. అమ్మ గది తలుపు వేసుకుని ఉంది.

అదే రోజు. సాయంత్రం.

నాన్న రిజిస్టరు ఇంటికి తెచ్చాడు. ఎప్పుడూ తేడు. బల్ల మీద తెరిచి, నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమన్నాడు. అమ్మ కూడా బయటికొచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"కారణం గడి ఖాళీగా ఉన్నాది. ఖాళీగా ఒగ్గీడానికి లేదు. ఏటి రాయమంటావు?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"ఇమానం నేదు, రాకపోకలు కుదర్లేదు అని రాసీండి. అబద్ధం కాదు గదా. రేపు ఇంకో సంబంధం వొచ్చినా ఎవులూ ఏటీ అనరు."

అబద్ధం కాదు. విమానం లేని మాట నిజమే. జనవరి నుంచి నేను దాచుకున్న కారణం అమ్మకి ఒక్క నిమిషంలో దొరికింది. అది రాయించేసుకుంటే ఊళ్లో ఎవరూ ఏమీ అనరు. అక్టోబరులో విమానం మళ్లీ వేస్తారు. ఇంకో సంబంధం వస్తుంది. ఇంకో ఏదో లేదని చెప్పుకోవాలి.

"కాదు. ఇష్టం లేదని రాయి నాన్నా."

"అదీ ఒక కారణమేటండీ?" అంది అమ్మ, నన్ను కాదు, నాన్నని.

నాన్న కళ్లజోడు తీసి పంచెతో తుడిచి పెట్టుకున్నాడు.

"అదే కారణం. ఆ వేళ ఎండలో షాపు కాడికి వొచ్చినప్పుడే ఈ గుంటని అడగాల్సింది నాను. అడగలేదు."

అని ఆ గడిలో రాశాడు. వధువునకు ఇష్టము లేదు. పిల్లల సర్టిఫికెట్ల మీద రాసినట్టు గుండ్రంగా, తొందర లేకుండా. రిజిస్టరు నా వైపు తిప్పి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. సిరా ఆరేదాకా దాన్ని మూయకుండా ముగ్గురం అలాగే కూర్చున్నాం.